అత్తగారికి నేను చూపించిన ఐర్లండ్

మా అత్తగారు ఐర్లండ్‌ను చూడ్డానికి రాలేదు, పరీక్షించడానికి వచ్చారు. మా ఆవిడకి అప్పుడు ఐదో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం వాళ్ళ ఆనవాయితీ. ఇక్కడే జరగాలన్నది నా కోరిక. నా బిడ్డ పుట్టినప్పుడు నేను పక్కన ఉండాలి, ముందు నా చేతుల్లోకే రావాలి, అంతకు మించి నా దగ్గర కారణమేమీ లేదు. మా ఆవిడ మధ్యేమార్గంగా ఒక తీర్పు చెప్పింది. "అమ్మొచ్చి చూస్తుంది. ఇక్కడ ఇబ్బంది లేదనిపిస్తే ఇక్కడే కంటాను. లేదంటే ఏడో నెల దాటకముందే అమ్మతో గుంటూరు వెళ్ళిపోతానండీ." ఆ తర్వాత విమానంవాళ్ళు ఎక్కించుకోరు కాబట్టి గడువు కూడా ఖాయమైపోయింది.

పరీక్షలన్నీ మనం చదవనప్పుడే వస్తాయి. మార్చిలో అత్తగారు డబ్లిన్ దగ్గర మెయ్‌నూత్‌లోని మా రెండు గదుల అద్దె ఇంట్లో అడుగుపెట్టే సమయానికి నాకు ఉద్యోగం పోయి నెల దాటింది. ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాలు సరిగా పనిచేస్తున్నాయని కాగితాల మీద నిరూపించడం నా పని. రిసెషన్ వచ్చాక పైవాళ్ళు లెక్కలు చూసుకుంటే యంత్రాలు సరిగానే పనిచేస్తున్నాయనీ, వాటి పక్కన నేను అక్కర్లేదనీ తేలింది. వేరే ఉద్యోగం చూసుకోవడానికి సర్కారు ఆరు నెలలు ఇచ్చింది. ఆలోగా దొరక్కపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. అప్పుడు కాన్పు ఎక్కడ అన్న చర్చే ఉండదు.

ఉద్యోగం దొరక్కపోలేదు. దొరికి, గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఫ్యాక్టరీలకు వెళ్ళి యంత్రాలు బాగుచేసే ఒక చిన్న కంపెనీవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు, చెయ్యి కలిపారు, చివర్లో ఊరికే అడుగుతున్నట్టు "ఫుల్ లైసెన్సు ఉంది కదా?" అన్నారు. పని మొత్తం కారు మీదే. నా దగ్గర ఉన్నది లెర్నర్ పర్మిట్టు. "జూన్ దాకా చూస్తాం, పాసై రండి" అన్నారు.

ఇక్కడ నా ఘనచరిత్ర కొంచెం చెప్పుకోవాలి. నేను హైదరాబాదులో పదేళ్ళు కారు నడిపినవాణ్ణి. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి రివర్సు చేసినవాణ్ణి. ఇండియా లైసెన్సు ఇక్కడ ఏడాదే చెల్లుతుందన్నప్పుడు జాలిపడ్డాను, నా మీద కాదు, నన్ను పరీక్షించబోయేవాళ్ళ మీద. మొదటిసారి డబ్లిన్ శివారు టాలట్‌లో పరీక్షకు వెళ్ళి ఫెయిలయ్యాను. అద్దాల్లో చూడలేదట. చూశాను మహాప్రభో, కళ్ళతో చూశాను, మెడతో చూడాలని ఎవరూ చెప్పలేదు. రెండోసారి కూడా టాలట్‌లోనే. అప్పుడు లూయస్ ట్రామ్ నా ముందు నింపాదిగా పోతుంటే చెయ్యి దానంతటదే వెళ్ళి హారన్ మీద పడింది. పట్టాల మీద వెళ్ళేదాన్ని పక్కకు తప్పుకోమని హారన్ కొట్టినవాణ్ణి ఆ పరీక్షకుడు తన సర్వీసులో చూసి ఉండడు. ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. మిగతా దారంతా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

మా ఆవిడ మాత్రం ఈ దేశానికి నాకంటే ముందే చదువుకోడానికి వచ్చి, అత్లోన్ కాలేజీలో ఉన్నప్పుడే మొదటిసారికే పాసైంది. ఈ విషయం ఆవిడ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడంలోనే ఉంది అసలు దెబ్బ.

మనవాళ్ళకి పరీక్ష అంటే ముందు గుర్తొచ్చేది సెంటరు. ఇంటర్ పరీక్షలప్పటి నుంచి వచ్చిన విద్య అది. ఏ సెంటర్లో గట్టిగా ఉంటారు, ఏ సెంటర్లో చూసీ చూడనట్టు పోతారు అన్న సమాచారం మనవాళ్ళ దగ్గర ఉన్నంతగా సర్కారు దగ్గర కూడా ఉండదు. టాలట్‌లో ఒక అంకుల్ ఉండేవారు, ఈ శాస్త్రంలో పండితుడు. నా కథంతా విని, "నీకు టాలట్ అచ్చిరాలేదు. అత్లోన్ పెట్టుకో. ట్రామ్ లేదు, రౌండబౌట్లు తక్కువ, అక్కడివాళ్ళు సాధువులు. మెడ మాత్రం బాగా తిప్పు, తిప్పినట్టు వాళ్ళకి తెలియాలి" అన్నారు. పరీక్షకుడు మారితే నేను మారనక్కర్లేదన్న ఆ తర్కం నాకు బ్రహ్మాండంగా నచ్చింది. అత్లోన్‌లో మే నెలాఖరుకు తేదీ దొరికింది.

అత్లోన్ మాకు గంటంబావు దూరం, మోటార్‌వే మీద వెళ్తే. లెర్నర్లు మోటార్‌వే ఎక్కకూడదని ఇక్కడ చట్టం. కాబట్టి ఆ ఊరి వీధులు సాధన చెయ్యాలంటే ప్రతి శనివారం కారుకు ముందూ వెనకా ఎర్ర ఎల్ బోర్డు కట్టుకుని, లైసెన్సున్న మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, పాత రోడ్డు మీద వెళ్ళాలి. ఒకప్పుడు డబ్లిన్ నుంచి గాల్వే వెళ్ళే కార్లు, బస్సులు, లారీలు అన్నీ ఆ రోడ్డు మీదే పోయేవి. మోటార్‌వే తెరిచాక అది ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. దాని వెనకే రిసెషన్ వచ్చింది. రోడ్డు పొడుగునా పెట్రోలు బంకులు, హోటళ్ళు, పబ్బులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి.

"ఉద్యోగం సంగతీ, లైసెన్సు సంగతీ అమ్మకి చెప్పకండి. కంగారు పడుతుంది" అంది మా ఆవిడ. సరేనన్నాను. పెద్దావిణ్ణి ఇంట్లో ఒంటరిగా వదల్లేం కనుక వెనక సీట్లో ఎక్కించుకున్నాం. మోటార్‌వే పక్కనే కనిపిస్తుంటే ఈ పాత రోడ్డు మీద ఎందుకు పోతున్నామో చెప్పాలి కదా. "ఇది చారిత్రకమైన రోడ్డు, ఇక్కడికి వచ్చినవాళ్ళు తప్పకుండా చూడాల్సింది" అని నోటికొచ్చింది అనేశాను. ఆ క్షణం నుంచి నేను గైడునయ్యాను.

మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. అల్లుడికి ఎదురుపడి మాట్లాడటం ఆవిడ పెరిగిన పద్ధతిలో లేదు. నాకు చెప్పాల్సినవన్నీ కూతురికి చెప్తారు, నేను పక్కనే ఉన్నా సరే. నేను సోఫాలో ఉంటే ఆవిడ కూర్చోరు. ఇల్లు చిన్నది కావడంతో ఆవిడ సీరియల్ చూసుకునేందుకు నేను చిన్నగదిలో లాప్‌టాప్ ముందు 'ఇంటి నుంచి పని' చేస్తూ గడిపేవాణ్ణి. ఆ గదిలో అద్దం ముందు మెడ సాధన చేస్తుంటే ఒకరోజు తలుపు సందులోంచి చూసినట్టున్నారు. సాయంత్రానికి మా ఆవిడ చేత గోరువెచ్చని నువ్వులనూనె పంపించారు. "అల్లుడుగారికి మెడ పట్టేసినట్టుంది, ఆ కంప్యూటరు తగ్గించమను" అని సందేశం. నూనె రాయించుకుని మర్నాడు మళ్ళీ మెడ తిప్పాను.

మొదటి శనివారం ఎన్‌ఫీల్డ్ దాటగానే ఒక మూతపడిన హోటలు కనిపించింది. దాని ముందు పొలం గట్టున కాంక్రీటుతో కట్టిన పెద్ద టీ కెటిల్, మనిషి కంటే రెండింతల ఎత్తు. తెల్లరంగు పెచ్చులూడి, కొమ్ము విరిగి ఉంది. ఒకప్పుడు గాల్వే బస్సులన్నీ అక్కడే ఆగేవట. "చూడండి, ఈ దేశంవాళ్ళకి టీ అంటే అంత గౌరవం" అన్నాను.

"తిరనాళ్ళలో పెట్టినట్టుందే" అన్నారు ఆవిడ కూతురితో. "ఆ కొమ్ము అతికించుకోకూడదా? పగిలింది ఇంటిముందు పెట్టుకుంటారంటే?"

ఇంకాస్త దూరం పోయాక ఒక హోటలు అస్థిపంజరం. అయిదంతస్తుల కాంక్రీటు, కిటికీలు లేవు, పక్కన ఒక క్రేను. కట్టించేవాడు చేతులెత్తేశాడని ఊరందరికీ తెలుసు. "పని జరుగుతోంది, ఇవాళ సెలవు" అన్నాను. ఆవిడ క్రేను వైపు తల తిప్పి చూశారు. రెండో శనివారం అదే దారిన పోతూ, "ఆ క్రేను పోయినవారం ఎటు చూస్తందో ఇయ్యాలా అటే చూస్తందే" అన్నారు. "మీవారిని అడుగు, ఆళ్ళకి వారానికి ఎన్ని సెలవలో."

ఒక చిన్న ఊరి చివర కొత్త ఇళ్ళ కాలనీ వచ్చేది. రిసెషన్‌కు ముందు ఐర్లండంతటా ఇలాంటివి మొలిచాయి, తర్వాత కొనేవాళ్ళు లేక అలాగే ఆగిపోయాయి. నలభై ఇళ్ళు బారులు తీరి ఉన్నాయి, మనిషి లేడు. కొన్నిటికి తలుపులు లేవు. ముంగిట్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. గేటు దగ్గర బోర్డు మీద నవ్వుతున్న ఒక సంసారం, మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలు, ఎండకీ వానకీ వెలిసి నీలంగా మారిపోయారు. ఇన్ని ఇళ్ళు ఖాళీగా ఎందుకున్నాయని ఆవిడ అడిగించారు. రౌండబౌట్ దగ్గర గేరు మార్చే హడావిడిలో ఉన్నాను. "మంచి ముహూర్తం కోసం ఆగారు" అన్నాను.

"ఇక్కడా మూఢం ఉంటుందా?" అన్నారు ఆవిడ ఆశ్చర్యంగా.

"ఉంటుంది" అన్నాను. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి నోరు మూసుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని నాకు తెలుసు, ఆవిడ నవ్వితే నాకు ధైర్యంగా ఉండేది.

నేను పనికిమాలిన గైడునని ఎవరైనా అనొచ్చు గానీ సోమరి గైడునని మాత్రం అనలేరు. మూసేసిన బంకుకి ఒక కథ, సున్నం రాలిన పాత డాన్సు హాలుకి ఒక కథ, తాళం వేసిన పబ్బుకి ఒక కథ. అసలు మంచి ఐర్లండ్ కూడా చూపిద్దామని ఒక ఆదివారం ఆవిణ్ణి రైలెక్కించి గాల్వే సముద్రానికి తీసుకెళ్ళాం. ఆ రోజు మంచు కమ్మి సముద్రం కనపడలేదు. చప్పుడు విని వచ్చేశాం. కాబట్టి ఆవిడ కంటితో చూసిన ఐర్లండ్ అంటే నేను శనివారం శనివారం చూపించిందే.

దాని ఫలితం ఒక మధ్యాహ్నం నా చెవినపడింది. ఆవిడ హాల్లో కూర్చుని తెనాల్లో ఉన్న వాళ్ళక్కతో ఫోన్లో మాట్లాడుతున్నారు. "ఏం దేశమో అక్కా. రోడ్డు పొడుగూతా అన్నీ మూసేసినియ్యే. ఇళ్ళున్నయ్యి, తలుపుల్లేవు. హోటళ్ళున్నయ్యి, తినేవాళ్ళు లేరు. ఊరంతా లేచిపోయినట్టుంది. దేశానికే మూఢం పట్టిందనుకో. అల్లుడుగారు పాపం ఓపిగ్గా అన్నీ చూపిస్తన్నారు. నాకేమో చూసేకొద్దీ అమ్మాయిని ఇక్కడ ఎట్టా వదలాలా అని దిగులు."

చిన్నగదిలో నేను లాప్‌టాప్ మూసేసి కూర్చున్నాను. ఇల్లు నచ్చితే పిల్లనిస్తామన్నవాళ్ళకి ఇల్లు చూపించకుండా వారం వారం శ్మశానం చూపించినట్టయింది నా తెలివి. పరీక్షాధికారికి నా తప్పుల జవాబుపత్రాలే వరుసగా అందించాను. సిగ్గేసింది, భయం కూడా వేసింది. పట్టుకోవాల్సిన తీగ ఒక్కటే కనిపించింది. పరీక్ష పాసైతే ఉద్యోగం వస్తుంది, ఉద్యోగం వస్తే ఆవిడ దిగులు తీరుతుంది, మా ఆవిడ ఉండిపోతుంది. ఇంత నున్నటి లెక్క జీవితంలో ఎక్కడా ఉండదని అప్పుడు నాకు తట్టలేదు.

మే మధ్యలో ఒక శనివారం కిల్‌బెగన్ దాటాక మా ఆవిడ బాత్రూముకి ఆపమంది. కడుపుతో ఉన్న మనిషి, ఆగమంటే ఆగేది కాదు. చుట్టుపక్కల ఉన్నది ఒక మూసేసిన పెట్రోలు బంకు. పైకప్పు కింద పంపుల మధ్య గడ్డి పెరిగింది. కారాపగానే వెనకాల ఇంట్లోంచి ఒక ముసలాయన వచ్చాడు. బంకు ఆయనదే. "పెట్రోలు లేదు, మిగతావన్నీ ఉన్నాయి" అన్నాడు. మా ఆవిణ్ణి చూసి విషయం అర్థం చేసుకుని, "కమ్ ఇన్ లవ్, యూ ఆర్ గ్రాండ్" అని, పరవాలేదు రా తల్లీ అన్నట్టు, లోపలికి తీసుకెళ్ళాడు.

మా అత్తగారు ఈలోగా దిగి ఇంటి పక్కన దొడ్లోకి చూస్తూ నిలబడ్డారు. ఎర్రటి కాడలు, వెడల్పాటి ఆకులు. గోంగూర తిని పెరిగిన మనిషికి ఎర్రకాడ కనిపిస్తే చెయ్యి ఆగదు. ఒక ఆకు తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే ముసలాయన గుమ్మంలోంచి పరుగులాంటి నడకతో వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు. అది రూబార్బ్. ఆకు విషం, కాడే తినాలి. నేను తెలుగులో చెప్పాను. "ఆకు పారేసి కాడ తింటారా?" అన్నారు ఆవిడ, నా మాట నమ్మకం లేక. ఇన్నాళ్ళ గైడు కథలు విన్నాక ఆవిడ నన్ను నమ్మకపోవడంలో తప్పులేదు. ముసలాయన కాడ తుంచి తానే కొరికి చూపించాడు. అప్పుడు ఆవిడ కూడా కొరికారు. పుల్లగా ఉంది. ఆవిడ ముఖం విప్పారింది, ఈ దేశం వచ్చాక మొదటిసారి.

తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. ఆయన ఇంగ్లీషులో, ఆవిడ తెలుగులో. ఆయన పొలాల అవతల మోటార్‌వే ఉన్న వైపు చెయ్యి చూపించి, కార్లు అటు పోయినట్టు వేళ్ళు కదిపి, తర్వాత తన పంపుల వైపు చూపించి రెండు చేతులూ విప్పాడు. ఆవిడ తలూపారు. ఆయన నా ఎల్ బోర్డు చూసి నవ్వి "ఎన్నోసారి?" అని నన్నడిగాడు. నేను గొంతు తగ్గించి మూడోదన్నాను. ఆయనకి చెముడు. "థర్డ్?" అని మూడు వేళ్ళు పైకెత్తాడు. మా అత్తగారు ఆ మూడు వేళ్ళూ చూశారు. "మా కాలంలో పరీక్షే లేదు, అడిగితే ఇచ్చేవారు. నేనివాళ వెళ్తే నేనూ ఫెయిలే" అని నా భుజం తట్టి, ఒక పెద్ద కట్ట కాడలు కోసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం ఆ కాడలతో పప్పు చేశారు. గోంగూర పప్పుకి చెల్లెలి వరసవుతుంది, బాగుంది. మేం తింటుండగా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి కూతురితో మాట్లాడారు.

"అల్లుడుగారితో చెప్పమ్మాయ్. ఉజ్జోగం పోయిందని నేనొచ్చిన వారానికే నాకు తెలుసు. ఉజ్జోగం ఉన్నోళ్ళు పగటిపూట అన్ని కాఫీలు తాగరు. ఆ ఎర్ర బోర్డు సంగతీ తెలుసు. మీ తమ్ముడు బండి నేర్చుకునేటప్పుడు అదే కట్టుకుని బ్రాడీపేటంతా తిరిగాడు."

ఆ ఎర్ర ఎల్ గుంటూరులో కూడా ఉంటుందన్న సంగతి పదేళ్ళు ఇండియాలో కారు నడిపిన ఈ మహానుభావుడికి తట్టలేదు. ఆవిడ ఇన్ని వారాలూ నా కథలు మర్యాదగా విన్నారు, అల్లుణ్ణి చిన్నబుచ్చకూడదని.

"అందులో తప్పేం లేదు" అన్నారు ఆవిడ. "మిల్లు మూసేసినప్పుడు మీ నాన్నా రెండేళ్ళు ఇంట్లోనే ఉన్నారు. నా బెంగ అది కాదు. ఇంత పొడుగు రోడ్డు చూశాను, పిలిస్తే పలికే మనిషి ఒక్కడు. నువ్వు పచ్చి బాలెంతరాలివై ఉంటే ఎవర్ని పిలుస్తావు? నాకిచ్చింది మూణ్ణెల్ల వీసా. పురిటికి నేనుండను. నాతో వచ్చెయ్యవే."

మా ఆవిడ నా వైపు చూసింది. "లైసెన్సు వస్తే ఉద్యోగం వచ్చినట్టే" అన్నాను. అడగనిదానికి జవాబు చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. మా ఆవిడ "ముందు రానివ్వండి" అంది.

పరీక్ష రోజు అత్తగారు కూడా అత్లోన్ వచ్చారు, సంచిలో నాలుగు నిమ్మకాయలు పెట్టుకుని. పరీక్షకు ముందు వాటిని చక్రాల కింద పెట్టి తొక్కించాలన్నారు. పరీక్షా కేంద్రం పార్కింగ్‌లో కారు కింద నిమ్మకాయలు పెడుతూ నేను వంగి ఉండగా పరీక్షకుడు కిటికీలోంచి చూశాడు. టైర్లు తనిఖీ చేస్తున్నాననుకున్నట్టున్నాడు, బయటికి వచ్చాక మర్యాదగా తలూపాడు. ఆ తర్వాత అరగంటా నేను మెడ తిప్పిన తిప్పుడు చూస్తే కూచిపూడివాళ్ళు కూడా మెచ్చుకునేవారు. ఎడమ అద్దం, కుడి అద్దం, భుజం మీదుగా వెనక్కి. హారన్ దగ్గరికి చెయ్యి పోకుండా రెండు చేతులూ స్టీరింగుకి అంటించేశాను. తిరిగొచ్చి ఆఫీసులో కూర్చున్నాక ఆయన కాగితాలు సర్దుకుంటూ, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా, పాసయ్యావని చెప్పాడు. ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. కాళ్ళకు దణ్ణం పెట్టబోయి తమాయించుకున్నాను.

మా ఆవిడ ఏడ్చింది. అత్తగారు ఎల్ బోర్డులు పీకించి, వాటితోనే కారుకి దిష్టి తీశారు. నేను అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేశాను. లైసెన్సు చేతికి రాగానే వచ్చెయ్యమన్నారు. కార్క్, స్లైగో, వాటర్‌ఫర్డ్, వారమంతా ఫ్యాక్టరీలు తిరగడం, రాత్రుళ్ళు అక్కడే బస, శుక్రవారం సాయంత్రానికి ఇల్లు. స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించాను. గెలిచినవాడి గొంతుతో "మోటార్‌వే మీద పోదామా?" అన్నాను.

"పాత రోడ్డే పోదామండీ" అంది మా ఆవిడ.

దారంతా నేనే మాట్లాడాను. కారు కొత్తది ఇస్తారట, పెట్రోలు వాళ్ళదేనట. మోట్ దాటాం, కిల్‌బెగన్ దాటాం. టీ కెటిల్ దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ ఆపమంది. ఆపాను. వెనక సీట్లో అత్తగారు కళ్ళు మూసుకుని ఉన్నారు, నిద్రపోయారో, నిద్ర నటిస్తున్నారో తెలీదు.

"సోమవారం నుంచి శుక్రవారం దాకా మీరుండరు" అంది.

"ఫోన్ ఉంటుందిగా."

"ఫోన్ పిల్లనెత్తుకోదండీ." విరిగిన కెటిల్ వైపు చూస్తూ, "నేను అమ్మతో వెళ్తాను" అంది. గొంతులో కోపం లేదు. "మీకు ఉద్యోగం లేకపోతే ఉండిపోదామనుకున్నాను. మీరు ఇంట్లో ఉంటారు కదా, ఇద్దరం చూసుకోవచ్చు అనుకున్నాను. కానీ అప్పుడు మనకి ఈ దేశంలో ఉండే పర్మిట్ ఉండదు. ఎటు చూసినా కుదరలేదు."

నేను రెండున్నర నెలలు మెడ తిప్పి సాధించింది అదీ. ఈ ఉద్యోగం వదులుకుంటే ముగ్గురం దేశం వదలాలి, పట్టుకుంటే వాళ్ళు నన్ను వదిలి వెళ్ళాలి. ఎంత తిరగేసి చూసినా మూడోదారి కనపడలేదు. సరే అన్నాను. కారు స్టార్ట్ చేసి, అద్దాలన్నీ చూసుకుని, సిగ్నల్ వేసి, ఖాళీ రోడ్డు మీదికి ఎక్కాను.

లైసెన్సు చేతికొచ్చాక నేను మొదటిసారి మోటార్‌వే ఎక్కింది వాళ్ళిద్దర్నీ విమానాశ్రయానికి దించడానికే. అక్కడ చూపించడానికి ఏమీ లేదు. రెండువైపులా గట్లు, నీలం బోర్డులు, అన్ని కార్లూ ఒకే వేగం. "మీవారు ఇయ్యాల ఏం చెప్పట్లేదేందే" అని అత్తగారు కూతుర్ని అడిగారు. మా ఆవిడ "నడపనివ్వమ్మా" అంది. రెండు నెలలుగా దారిలో ప్రతి గోడకీ ఒక కథ చెప్పినవాణ్ణి, చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం పెట్టెలు ట్రాలీలోకి ఎక్కించాక నోట్లోంచి వచ్చింది. "వెళ్ళకు" అన్నాను. మా ఆవిడ నా చొక్కా గుండీ సవరించింది. "ఇప్పుడాండీ?" అంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నవ్వి, ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నేను కార్లో కూర్చుని ఏడ్చాను. అక్కడ ఎక్కువసేపు ఆపకూడదని ఒకతను వచ్చి కిటికీ తట్టాడు.

ఆగస్టులో ఆడపిల్ల పుట్టింది. ఆ సమయానికి నేను వాటర్‌ఫర్డ్‌లో ఒక యంత్రం లోపల తలపెట్టి ఉన్నాను. ఉద్యోగం కొత్త, సెలవు లేదు, చలికాలం మొత్తం కంప్యూటర్ తెర మీదే చూసుకున్నాను. తెర మీద నన్ను చూసి నవ్వేది, నవ్విందని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో వాళ్ళు తిరిగొచ్చారు. విమానాశ్రయంలో నేను రెండు గంటలు ముందే వెళ్ళి నిలబడ్డాను, కొత్త చొక్కా వేసుకుని. మా ఆవిడ బయటికి వచ్చింది, చంకలో పిల్ల. నేను చేతులు చాపాను. పిల్ల నన్ను ఒక క్షణం తేరిపార చూసి, తల్లి మెడలో మొహం దాచుకుని గుక్కపట్టి ఏడ్చింది.

"ఏమనుకోకండీ" అంది మా ఆవిడ, వీపు నిమురుతూ. "కొత్తవాళ్ళని చూస్తే అంతే."